నలభై మందికి రెండు కార్డులు

ఆ బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టే ఆమెను అందరూ కాలర్లమ్మ అంటారు. పద్నాలుగేళ్ళుగా ఆమె మధ్యాహ్న భోజనం నాలుగు బిస్కెట్లు, అరకప్పు టీ. గతిలేక కాదు. ఆ లైన్లో నలభై మంది ఆడవాళ్ళకు టాయిలెట్ కార్డులు రెండంటే రెండు. కార్డు మెడలో వేసుకోనిదే స్టూలు మీంచి లేవకూడదు. ఈ దిక్కుమాలిన నియమం పెట్టిన సూపర్‌వైజరు ఎవరో కాదు, స్వయానా ఆమె మొగుడి అక్క. ఉద్యోగం ఇప్పించిందీ ఆవిడే, అందుకే నోరెత్తడానికి లేదు. తినకపోతే లేవాల్సిన పనే ఉండదని కాలర్లమ్మ తెలివి. ఏం తెలివో పాడో!

కడుపు ఊరుకుంటుందా? మొదట మలబద్ధకం, తర్వాత ఉబ్బరం, చివరికి విరేచనంలో రక్తం. డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది.

"పేగుల్లో మనకు మేలుచేసే సూక్ష్మజీవులు కోట్లకొద్దీ ఉంటాయమ్మా. వాటి తిండి పీచు. నువ్వు బిస్కెట్లతో సరిపెడితే వాటికి పస్తే. ఆకుకూరలు, పప్పులు, పెరుగు తిను, నీళ్ళు బాగా తాగు. కొద్దికొద్దిగా పెంచు. ఇలాగే ఉంటే రేపు ఆపరేషన్ దాకా పోతుంది."

కొద్దికొద్దిగా అన్న మాట చెవికెక్కితేగా! మర్నాడే గిన్నెడు శనగలు లాగించింది. కడుపు తిరగబడి, మధ్యాహ్నం లోపల ఐదుసార్లు కార్డు పట్టుకుపోయింది. "నీ శనగలు మా ప్రాణం మీదికొచ్చాయే తల్లీ!" అని పక్క మిషను ఆమె దుమ్మెత్తిపోసింది.

అప్పటికి బుద్ధొచ్చి గుప్పెడుతో మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి రక్తం ఆగింది, ఉబ్బరం తగ్గింది. కానీ షిఫ్టులో రెండుసార్లు లేవక తప్పేది కాదు. వదినకు దాంతో ఒళ్ళు మండింది.

"రేపట్నుంచి నీకు రోజుకి ఒక్కసారే కార్డు. మరదలివని ఊరుకుంటే నెత్తికెక్కావ్."

"ఒక్కసారంటే ఎలా వదినా?"

"ఇక్కడ వదినా లేదు, వంకాయా లేదు. మేడమ్ అను."

మర్నాడు రెండోసారి అవసరం పడింది. వదిన కార్డు గుప్పిట్లో బిగించి నిలబడింది. కాలర్లమ్మ మిషను ఆపి, కార్డు లేకుండానే నడిచి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆమె స్టూలు మీద పక్క లైను మనిషి కాలరు కుడుతోంది. ఇన్నేళ్ళు భుజం భుజం రాసుకుని కూర్చున్నవాళ్ళలో ఒక్కతీ తలెత్తలేదు. వాళ్ళను చూస్తే వదిన మీదకన్నా ఎక్కువ కోపమొచ్చింది.

"గేటు బయటికి నడు. ఇంటికెళ్ళి మా తమ్ముడికి ఏం చెప్పుకుంటావో చెప్పుకో," అంది వదిన.

"నేనెందుకు చెప్పాలి? నువ్వే చెప్పు. నీ పెళ్ళాం కడుపు బాగైందిరా, అందుకే గెంటేశానని చెప్పు!"