మిద్దె మీది దుమ్ము గిన్నెలు

రెజీనాకు కాళ్లు ఒక చోట నిలవవు. కడపలోని విశ్వవిద్యాలయం పర్యావరణ విభాగంలో ఆమె ప్రాజెక్టు ఉద్యోగి. ప్రొఫెసర్ శివజ్యోతి ఏళ్ల తరబడి గాలి మీద, నీటి మీద చేసిన పరిశోధనలన్నీ ఇంగ్లీషులో లావుపాటి పుస్తకాలై బీరువాలో పడి ఉండేవి. వాటిని రెండు పేజీల తెలుగులోకి దించి, కలెక్టరాఫీసులోనో ఫ్యాక్టరీలోనో నిర్ణయం తీసుకునే మనిషి చేతిలో పెట్టేదాకా రెజీనా ఊరుకోదు. ఈ పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు, తనే నెత్తికెత్తుకుంది. బీరువాలో మగ్గే చదువు ఎవరికండీ, మీరే చెప్పండి!

ఎర్రగుంట్ల పక్కన ఆమె మేనత్త జీవమ్మ ఊరు. ఒక సిమెంటు ఫ్యాక్టరీ లారీలు ఆ ఊరి మధ్యనుంచే పోతాయి. చుట్టుదారి ఉంది, కాకపోతే దూరం. ఊళ్లో పిల్లలకు దగ్గు తగ్గదు. ఆ లారీలను ఎలాగైనా తప్పించాలని రెజీనా పట్టు పట్టింది. ఫ్యాక్టరీ మేనేజరును జాయింట్ కలెక్టర్ ముందు కూర్చోబెట్టేసరికి ఆమె చెప్పులు అరిగాయి. ఈస్టర్ దాటిన మంగళవారం మీటింగ్ ఖాయమైంది. ఆ రోజు చూపించడానికి ఊరి చర్చి మిద్దె మీద వెడల్పాటి స్టీలు గిన్నెలు పెట్టారు. నెల రోజులు గాలిలోని దుమ్ము వాటిలో పడుతుంది, దాన్ని తూకం వేస్తారు.

సోమవారం రెజీనా మిద్దె ఎక్కింది. గిన్నెలు తళతళలాడుతూ బోర్లించి ఉన్నాయి.

“ఎవరు కడిగినారత్తా?”

“నేనే పాపా!” చర్చి శుభ్రం చూసుకునే జీవమ్మ సంబరంగా అంది. “పండగ పూట మందిరం మీద మురికి గిన్నెలుంటే ఊరోళ్లు ఏమనుకుంటారు? చింతపండేసి తోమినా. శానా మెరుస్తాండాయి గదా!”

పండగకు చర్చిని అద్దంలా చేయడం ఆ ఊరి ఆడవాళ్ల పంతం. గిన్నెల సంగతి రెజీనా పాస్టరుకు చెప్పింది, అధికారులకు చెప్పింది, సొంత మేనత్తకు చెప్పడం మరిచింది! ఏడవాలో నవ్వాలో తెలియక మిద్దె మీదే కూలబడింది.

“వాయిదా అడుగు” అంది ప్రొఫెసర్ ఫోనులో.

“అడిగితే మళ్లీ దొరకదు మేడం. పోదాం.”

మీటింగులో రెజీనా ఉన్నదున్నట్టు చెప్పేసింది. జాయింట్ కలెక్టర్ మేడం పగలబడి నవ్వింది. మేనేజరు భూపేష్ మాత్రం నవ్వలేదు. “లెక్క లేకుండా మేమేం చేసేదమ్మా?”

అప్పుడు తట్టింది రెజీనాకు.

“లెక్క ఎట్లాగూ మళ్లీ మొదలుపెట్టాల్సిందే సార్. ఒక నెల లారీలు ఊరి మీద పోనీండి, ఇంకో నెల చుట్టుదారిన పంపండి. గిన్నెలకు కాపలా మీరే పెట్టండి, తూకం మీ ల్యాబులో మీరే వేయండి. ఏం వచ్చినా మేం ఒప్పుకుంటాం!”

శివజ్యోతికీ హుషారొచ్చింది. “లారీలు తిరగని పక్క ఊళ్లో కూడా గిన్నెలు పెడదాం. గాలివాటం మారినా తెలిసిపోతుంది.”

భూపేష్ కూడా ఒకప్పుడు ల్యాబులో పనిచేసిన ఇంజనీరే. కుర్చీలో ముందుకు జరిగాడు. “తూకం నేనే వేస్తా” అన్నాడు.

ఆ రెండు నెలలు రెజీనాకు అన్నం సయించలేదు. ఈ పరీక్షలో ఓడితే ఊరు ఓడినట్టే కదా!

తూకం నాడు ఫ్యాక్టరీ ల్యాబులో భూపేష్ ఒక్కో గిన్నె దుమ్మూ తనే తూచాడు. పక్క ఊరి గిన్నెల్లో రెండు నెలలూ దుమ్ము ఒక్క తీరుగానే ఉంది. జీవమ్మ ఊరి గిన్నెల్లో మాత్రం, లారీలు రాని నెల దుమ్ము సగానికి సగం పడిపోయింది. భూపేష్ నమ్మలేక మళ్లీ తూచాడు. అదే లెక్క. తల గోక్కుని గేటు కాపలాకు ఫోను చేశాడు.

“రేపట్నుంచి కాదప్పా, ఇప్పుడే. ఇప్పుడు గేటు దాటే లారీనే చుట్టుదారికి తిప్పు. ఇంగ ఎప్పటికీ అంతే.”

రెజీనా గేటు దగ్గరికి ఒకటే పరుగు! లారీ వచ్చింది, మలుపులో నెమ్మదించింది, చుట్టుదారి వైపు తిరిగింది. రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొడుతున్న ఆమెను చూసి డ్రైవరు తల బయటపెట్టాడు.

“ఏమ్మా, ఏమయింది?”

“ఏం లేదన్నా! పో, పో, అట్లే పో!”