బాబాయి రేడియో పుస్తకాలు, పిన్ని చెవి

మా బాబాయి గడియారాలు బాగుచేసేవాడు. రేడియో అంటే చెవి కోసుకునేవాడు. పాటలొచ్చే రేడియో కాదు. మనం ఇక్కణ్ణించి టకటకమని పిలిస్తే ఎక్కడో మనలాంటి పిచ్చివాడే టకటకమని పలికే రేడియో. దానికి లైసెన్సు కావాలి, లైసెన్సుకి పరీక్ష రాయాలి, పరీక్షకి పుస్తకాలు చదవాలి. ఆ పుస్తకాల దగ్గరే బాబాయి బోల్తాపడ్డాడు.

కొట్లో గడియారాల విడిభాగాలు ఉండాల్సిన అరలో పుస్తకాలుండేవి. ఏరియల్ ఎంత పొడవుండాలో చెప్పే సన్నటి పుస్తకం, పాత ప్రశ్నపత్రాల కట్ట, రేడియో క్లబ్బు పెద్దాయన ఆ టకటకల కోడ్ వినిపించే క్యాసెట్టు. క్లబ్బులో ఒక్కటే కాపీ ఉన్న లావుపాటి పుస్తకాన్నయితే బొమ్మలతో సహా చేత్తో ఎత్తి రాసుకున్నాడు. "జిరాక్స్ తీయించుకోవచ్చుగా బాబాయ్?" అంటే, "చేత్తో రాస్తేనే బుర్రకెక్కుతుందే" అనేవాడు. నిజంగానే ఎక్కింది. రాతపరీక్షలో ఆయన్ని మించినవాడు లేడు.

ఎటొచ్చీ కోడ్ వినే పరీక్షలో రెండుసార్లు తప్పాడు. ఒక పుస్తకం వెనక అట్టమీద చుక్కలూ గీతలూ ఉన్న పట్టిక చూసి, కోడ్ మొత్తం ఎక్కాల్లా కంఠతా పట్టాడు మహానుభావుడు. శబ్దం వినగానే మనసులో చుక్కలు పెట్టుకుని, గీతలు గీసుకుని, పట్టికలో వెతుక్కునేవాడు. ఈలోగా నాలుగక్షరాలు దాటిపోయేవి. "కంటితో నేర్చుకున్నావు, అదే నీ కొంప ముంచింది" అన్నాడు క్లబ్బు పెద్దాయన.

మూడోసారి పరీక్షకి ముందే డాక్టరు మరో మాట చెప్పాడు. రెండు చెవుల్లోనూ వినికిడి తగ్గుతోందట, ఏడాది తర్వాత ఏమీ చెప్పలేడట. బాబాయి కోరిక చాలా చిన్నది. లైసెన్సుతో పాటు ఇచ్చే అక్షరాల గుర్తుతో, తన సొంత కాల్‌సైన్‌తో ఒక్కసారి పిలవాలి, ఒక్కరైనా పలకాలి. ఏడాదిలోగా.

ఓ పొద్దున క్యాసెట్టు పెట్టుకుని ఎఫ్ అని రాశాడు. పక్కగదిలో కుట్టుమిషను ఆగింది.

"ఎఫ్ కాదండీ, ఎల్. డి-డా-డి-డి. ఎఫ్ అయితే డి-డి-డా-డి కదూ" అంది పిన్ని.

బాబాయి నోరెళ్లబెట్టాడు. "నీకెలా తెలుసు?"

"ప్రతి శబ్దం తర్వాత అక్షరం పేరు క్యాసెట్టులో పెద్దాయనే చెప్తున్నాడుగా. ఏడాదిగా చెవిలో జోరీగలా మోగిస్తుంటే రాక చస్తుందా?"

ఆవిడ ఆ పట్టిక మొహం కూడా చూడలేదు. అందుకే వచ్చింది. బాబాయి ఆ అట్ట చింపి అవతల పారేశాడు. మర్నాటి నుంచి పిన్ని బట్టలు కుడుతూ నోటితో పేపరు హెడ్డింగులు కోడ్‌లో చదివేది, ఆయన గోడవైపు తిరిగి రాసుకునేవాడు. అన్నం దగ్గర మంచినీళ్లు కావాలన్నా కోడ్‌లోనే అడగాలి. ఆ ఇంటికి భోజనానికి వెళ్తే నా తలప్రాణం తోకకొచ్చేది. పరీక్ష మాత్రం గట్టెక్కాడు.

లైసెన్సు చేతికొచ్చేసరికి ఇంకో ఏడు నెలలు. దరఖాస్తు ఏ బల్లమీద నిద్రపోయిందో, ఆ ఆఫీసువాళ్లని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ ఏడు నెలల్లో బాబాయికి ఎదురుగా కూర్చుని అరిస్తేనే వినపడే స్థితి వచ్చింది.

మూడు రోజులు పిలిచాడు. నాలుగోనాడు పొద్దున నేనక్కడే ఉన్నాను. పిలిచాడు, ఆగాడు, హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టాడు. "ఎవరూ లేరు. ఇంక మూసేద్దాం" అన్నాడు. ఆ మొహం చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

పిన్ని హెడ్‌ఫోను తీసి చెవికి ఆనించుకుంది.

"ఉన్నారండీ!" అని అరిచింది. "సన్నగా ఉంది. ఉన్నారు!"

బాబాయి ఎడమచెయ్యి లాక్కుని మణికట్టుమీద వేలితో కొట్టడం మొదలుపెట్టింది. డి వినిపిస్తే చిన్నగా తట్టి, డా వినిపిస్తే నొక్కిపట్టి. చేతిమీద కోడ్ కొట్టొచ్చని ఏ పుస్తకంలోనూ లేదు. బాబాయి కళ్లు మూసుకుని ఒక్కో అక్షరమే పైకి చదివాడు. అది ఆయన కాల్‌సైనే. రెండోసారి ఇంకా గట్టిగా చదివాడు. నాకు ఏడుపాగలేదు.

కుడిచేత్తో మీట నొక్కి జవాబిచ్చాడు. అవతలి మనిషి పేరు, ఊరు, వాతావరణం, అన్నీ పిన్ని వేలి కిందనుంచే వచ్చాయి.

అంతా అయ్యాక లాగ్‌బుక్కులో వివరాలు రాసుకున్నాడు. ఆపరేటర్ అన్నచోట తన పేరు రాసి, పక్కన పిన్ని పేరు కూడా రాశాడు.

"అలా రాయొచ్చా? నాకు లైసెన్సు లేదుగా" అంది పిన్ని, ఆయన చెవి దగ్గరికి వంగి.

"తప్పయితే లైసెన్సు తీసేసుకోమను. నాకు కావలసింది వినేశాను" అన్నాడు బాబాయి.