చేతికందే వాల్వు

మండవల్లిలో మా బాబాయి పోయారని పోయిన నెల ఒక పొద్దున్నే పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు. ముందురోజు సాయంత్రం వరకు బాగానే ఉన్నారట. ఆయన లస్కరుగా చేసి రిటైరయ్యారు. కాలవ లాకుల దగ్గర షట్టర్లు ఎత్తి దించే ఉద్యోగం. పేపర్లో వేసేంత మనిషి కాదు. నాకు తెలిసినంత రాస్తున్నాను.

ఆయనకి మాటలు తక్కువ. ఉన్నవాటిలో సగం షట్టర్ల గురించే. "తిప్పని షట్టరు తుప్పుకి చుట్టం" అనేవారు. కాలవ కట్టేసిన వేసవిలో కూడా ఒక్కోదాన్నీ కాస్త ఎత్తి దించి, మరలకి గ్రీజు రాసి వచ్చేవారు. ఎంత కడిగినా గోళ్ళలో గ్రీజు పోక చెంచాతో అన్నం తినేవారు. "దొరగారండీ మా ఆయన" అని పిన్ని నవ్వేది.

షుగరు వల్ల పిన్నికి ఐదారేళ్ళ కిందట చూపు పోయింది. వెలుతురు, నీడ మాత్రం తెలుస్తాయి. అయినా వంట ఆవిడదే. వాళ్ళకి పిల్లలు లేరు.

ఒకరోజు బాబాయి పింఛను పని మీద ఏలూరు వెళ్ళారు. ఇంట్లో బాత్రూం కుళాయి మెడ దగ్గర విరిగింది. నీళ్ళు కట్టేసే వాల్వు మేడ మీద, ట్యాంకు పక్కన ఉంది. ఇనప నిచ్చెన ఎక్కితేగాని అందదు. మా వైపు చాలా ఇళ్ళు అంతే. ఎక్కగలిగినవాడు ఎప్పుడూ ఇంట్లో ఉంటాడనుకుని కడతాం. ఆ రోజు చుట్టుపక్కల మగాళ్ళంతా చేపల పట్టుబడికి చెరువుల మీద ఉన్నారు. పిన్ని మూడు మెట్లెక్కి, తడికాలు జారి పడింది. మణికట్టు విరిగింది. బాబాయి వచ్చేసరికి ట్యాంకు ఖాళీ అయి నీళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

నల్లజర్ల నుంచి పిన్ని తమ్ముడు కారేసుకుని వచ్చాడు.

"అక్కని మా ఇంటికి తీసుకెళ్ళిపోతానండీ బావగారూ. ఈ చూపుతో ఒక్కత్తినీ వదలకూడదండీ."

"మీ ఇంట్లో గోడలు నాకు తెలీవురా. ఇక్కడైతే నేను మనిషిని. అక్కడ సామాను" అంది పిన్ని.

బాబాయి మేడ నిచ్చెన దాకా వెళ్ళి చూసి వచ్చారు. "నీళ్ళేమో కిందికొస్తాయి, కట్టేసే మనిషేమో పైకెక్కాలి. ఇదెక్కడి పద్ధతి? ఒక నెల ఆగు" అన్నారు.

మర్నాడు ప్లంబరు వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. బాబాయి పిన్నిని వంటింటి గుమ్మం పక్కన నిలబెట్టి, బాగున్న చెయ్యి చాపమన్నారు. వేళ్ళు గోడకి తగిలిన చోట సుద్దముక్కతో గీత పెట్టారు.

"రంగేసిన గోడండీ. పైపు బయటికి కనబడితే బాగోదండీ" అన్నాడు ప్లంబరు.

"కనబడ్డం సంగతి నీకెందుకు? తగిలితే చాలు."

ట్యాంకు పైపుని ఆ గీత దాకా దింపించి, చక్రంలా తిప్పే వాల్వు వద్దని పిడి ఉన్నది తెప్పించారు. పిడి పైపు వెంట ఉంటే నీళ్ళు వస్తున్నట్టు, అడ్డంగా ఉంటే ఆగినట్టు. తడిమితే తెలిసిపోతుంది.

ఆ తరవాత కొన్నాళ్ళు పిన్ని ప్రాణం తీశారు. ఆవిడ జడ వేసుకుంటుంటేనో, పప్పు పొయ్యి మీద ఉంటేనో, "పైపు విరిగిందే!" అని కేకేసేవారు. ఆవిడ లేచి వెళ్ళి పిడి తిప్పేది.

"ఏవండీ, ఇది వంటిల్లండీ, మీ లాకు కాదు. పప్పు మాడిపోతోంది."

"మాడితే నేనే తింటాలే. ఈసారి ఇంకాస్త తొందరగా లే."

మాడిన పప్పు నిజంగానే తినేవారు. నెల తిరిగాక బావమరిది వచ్చినప్పుడు, అతని ముందే బాబాయి ఒకసారి కేకేశారు. పిన్ని వెళ్ళి కట్టేసి వచ్చింది. అతను కాఫీ తాగి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పెద్దకర్మ అయ్యాక పిన్నిని ఏలూరు మా ఇంటికి తీసుకొచ్చాను. వచ్చిన పూటే అడిగింది.

"అబ్బాయ్, మీ వాల్వు ఎక్కడ?"

"మేడ మీదండీ పిన్నీ."

"ఎవరెక్కుతారు?"

"నేనేనండీ."

"నువ్వు ఆఫీసులో ఉంటే?"

మా ఆవిడ నా వైపు చూసింది. నేను ప్లంబరుకి ఫోన్ చేశాను.

వాల్వుని కిందికి దించడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ పని అయ్యాక పిన్ని వెళ్తానంది. ఇక్కడే ఉండిపోండి అన్నాను. "నా ఇంట్లో నాకు పనుంది" అంది.

మండవల్లిలో ఆటో దిగాక చెయ్యి పట్టుకోబోతే వదిలించుకుంది. నేను సంచి లోపల పెట్టి వచ్చేసరికి, కుచ్చిళ్ళు ఎగదోపి వాకిట్లో నీళ్ళు చల్లుతోంది. గేటు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ గుమ్మం దాకా వచ్చింది. ఎక్కడా పొడి మిగల్లేదు. ఆ తడి మీద అడుగు వేయబుద్ధి కాక, ఆరేదాకా అరుగు మీద కూర్చున్నాను.