పొలంలో వదలాల్సిన మనిషి

సంచి మూతి విప్పగానే ఎండిన వేపాకు పొడి ఒళ్లో రాలింది. పాత గళ్ల లుంగీ గుడ్డతో కుట్టిన సంచి ఇది. లోపల అట్ట పలకలు ఒకదాని మీద నుంచి ఒకటి జారిన చప్పుడు వినిపించింది. పురుగు పట్టకుండా మాధవరావు సార్ వేసిన ఆకులే ఇవి. ఆయన పోయాక నేను కొత్తవి వెయ్యలేదు. ఆయన గురించి ఇన్నాళ్లూ రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు, నాకు అక్షరాలు వచ్చేవి కావు. యాభై ఆరేళ్ల వయసులో పక్క క్వార్టర్ టీచరమ్మ దగ్గర కూర్చుని గుణింతాలు, ఒత్తులు నేర్చుకున్నాను. వాక్యం రాయడం వచ్చాక కూడా ఏడాది ఆగాను. ఆయన పేరుతో మొదలుపెడితే ఎక్కడికి పోయి ఆగాల్సి వస్తుందో నాకు తెలుసు. అక్కడికి పోబుద్ధి కాలేదు.

నా భర్త బొగ్గుబావిలో కప్పు కూలి చనిపోయాడు. ఆయన కొలువు నాకిచ్చారు. గోదావరిఖనిలో అట్లా భర్తల కొలువుల్లోకి వచ్చిన ఆడవాళ్లు నాతోపాటు చాలామందే ఉన్నారు. నన్ను ల్యాంపు రూములో వేశారు. బావిలోకి దిగేవాళ్లు తమ నంబరు టోకెన్ మాకిచ్చి ల్యాంపు తీసుకుపోతారు. పైకొచ్చాక ల్యాంపు ఇచ్చి టోకెన్ తీసుకుంటారు. షిఫ్టు అయిపోయిన తర్వాత కూడా కొక్కేనికి టోకెన్ వేలాడుతుంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. అంకెలు చూసి గుర్తుపట్టడం నాకు అక్కడే వచ్చింది. మూడు వందల నంబర్లకు మూడు వందల ముఖాలు తెలుసు. నా భర్త టోకెన్ ఆ రోజు ఏ కొక్కేనికి మిగిలిపోయిందో కూడా తెలుసు.

మాధవరావు సార్‌ది మంథని. బావుల్లో సర్వేయర్‌గా చేసినన్నాళ్లూ మా దగ్గరే ల్యాంపు తీసుకునేవారు, తర్వాత రిటైరయ్యారు. భార్య పోయారు, పిల్లలు లేరు. కాలనీ క్లబ్బులో వెనక గదే ఆయన లోకం. ఒకరోజు మొదటి షిఫ్టు దిగి బస్సు కోసం నిలబడితే వాన పట్టుకుంది. క్లబ్బు వరండాలోకి ఎక్కాను. ఆయన కిటికీలోంచి చూసి పిలిచారు.

"వాన తగ్గేదాక ఒక్క ఆట ఆడుతవా కొమురమ్మా? నాతోని ఆడేటోళ్లు ఎవ్వరు లేరు."

"నాకు చదువు రాదు సార్."

"దీంట్ల చదివేది ఏం లేదు. చూసి పెట్టుడే."

నిజంగానే చదివేదేమీ లేదు. సంచిలో చెయ్యి పెట్టి చూడకుండా ఒక పలక తియ్యాలి. దాని మీద రోడ్డు ముక్కో, కోటగోడో, పచ్చని పొలమో ఉంటుంది. బల్ల మీద ఉన్నవాటికి అంచు కలిసేట్టు పెట్టాలి. ఒక్కొక్కరికి ఏడుగురు చెక్కమనుషులు; అప్పుడే పెట్టిన పలక మీద, ఒక్కచోట, ఒక్కడినే పెట్టొచ్చు. రోడ్డు మీద పెట్టినవాడు రోడ్డు పూర్తయితే పాయింట్లు తెచ్చి మన చేతికి తిరిగొస్తాడు. కోటలో పెట్టినవాడూ అంతే. పొలంలో పడుకోబెట్టినవాడు మాత్రం ఆట అయ్యేదాకా లేవడు. చివర్లో ఆ పొలాన్ని ఆనుకుని ఎన్ని కోటలు పూర్తయ్యాయో లెక్కపెట్టి, కోటకు మూడు చొప్పున ఇస్తారు. పెద్ద ఆటలన్నీ పొలంలోనే గెలుస్తారని సార్ మొదటిరోజే చెప్పారు.

వాన తగ్గింది, బస్సు పోయింది, నేను ఆడుతూనే ఉన్నాను. ఆ తర్వాత రెండేళ్లు, మొదటి షిఫ్టు పడిన ప్రతివారం ఆ గదికి వెళ్లాను. ఆయన నేర్పే పద్ధతి సర్వేయర్ పద్ధతే. బల్లను బావి మ్యాపులాగా తలలో పెట్టుకోమనేవారు. అన్ని పలకల బొమ్మలూ వరుసగా చెప్పించి, ఎన్ని బల్ల మీదికి వచ్చాయో, సంచిలో ఏవి మిగిలాయో అడిగేవారు. ముఖాలూ నంబర్లూ గుర్తుపెట్టుకునే అలవాటు నాకు అక్కడ పనికొచ్చింది. ఎదుటివాడు ఎదురుచూస్తున్న పలక ఇక సంచిలో లేదని తెలిస్తే వాడి మనిషి అక్కడే ఇరుక్కున్నట్టు. అప్పుడు మనం ఇంకోచోట తొందరపడకుండా ఆడొచ్చు. ఏడుగురినీ ఒకేసారి బల్ల మీద పెట్టకూడదు, చేతిలో ఎప్పుడూ ఒకడుండాలి.

ముందు గదిలో కారంబోర్డు ఆడే పంపు ఆపరేటర్ కనకయ్య ఒకసారి తలుపులో నిలబడి నవ్వాడు. "ఏం వదినే, గంతసేపటి సంది అట్టముక్కలు పేరుస్తున్నవ్? ఇల్లు గిట్ల కడుతున్నవా ఏంది?"

సార్ తల ఎత్తలేదు. "ఆమెకు సంచిల ఏమున్నదో తెలుసు కనకయ్యా. నీకు నీ జేబుల ఏమున్నదో తెల్వది. పోయి ఆడుకో."

నాలో ఒక్క లోపం ఆయనకు మింగుడు పడేది కాదు. ఆట చివరికొచ్చేసరికి నేను పెద్ద కోటలు వదిలేసి, చిన్న చిన్న రోడ్లు మూసి మనుషులందరినీ చేతిలోకి తెచ్చుకునేదాన్ని. పొలంలో ఎవరినీ పెట్టేదాన్ని కాదు.

"నీకు గెలవాల్నని ఉన్నదా, వీళ్లందర్ని ఇంటికి తోలుకపోవాల్నని ఉన్నదా?"

"రెండు సార్."

"రెండు కావు."

ఒకరోజు నా భర్త టోకెన్ సంగతి చెప్పాను. ఆయన చేతిలోని పలక పెట్టబోయి ఆగారు. "ఆనాడు కప్పు కూలినంక కొలతలకు నేనే లోపలికి దిగిన" అన్నారు. పలకను బల్ల మీద పెట్టి అంచు సరిచేశారు. "అయినా పొలంల పెట్టాలె కొమురమ్మా. ఇది ఆట" అన్నారు. అక్షరాలు కూడా నేర్పుతానని ఆరోజే అన్నారు. పోటీ అయినంక చూద్దామన్నాను.

ఆ పోటీ కాలనీ క్లబ్బుల మధ్య, జ్యోతినగర్‌లో. మా క్లబ్బు కమిటీవాళ్లు వెనక గదిని టెంటు సామాను పెట్టుకోవడానికి అడుగుతున్నారు. ఇద్దరు ఆడే ఆటకు గది ఎందుకన్నది వాళ్ల మాట. పోటీ గెలిచి కప్పు తెస్తే గది మీకే ఉంచుతామన్నారు. సార్‌కు చూపు మసకబారింది, చేతులు వణుకుతున్నాయి, నాలుగు మెట్లెక్కితే దమ్ము పట్టి ఆయాసపడేవారు. ఆడాల్సింది నేనే.

చివరి ఆట ఒక ఇంజనీరమ్మాయితో. సార్ నా వెనక కుర్చీలో కూర్చున్నారు, మాట్లాడే వీల్లేదు. ఆట బాగా సాగింది. సంచిలో కొన్నే పలకలు మిగిలాయి. ఆ అమ్మాయి చేతిలో మనిషి లేడు, నా చేతిలో ఒకడున్నాడు. నేను తీసిన పలకకు ఒకవైపు పొట్టి రోడ్డు, ఒకవైపు పెద్ద పొలం. ఆ పొలం చుట్టూ ఐదు కోటలు పూర్తయి ఉన్నాయి, లోపల ఎవరూ లేరు. రెండేళ్లుగా సార్ నాకు చెబుతున్న చోటు అదే. వెనక ఆయన కుర్చీ ముందుకు జరిగిన చప్పుడైంది. కానీ సంచి ఖాళీ అవుతుంటే నాకు షిఫ్టు అయిపోయే వేళలాగే అనిపించింది. చెయ్యి ముందే కదిలింది. మనిషిని రోడ్డు మీద పెట్టాను. రోడ్డు మూసుకుంది, రెండు పాయింట్లు వచ్చాయి, వాడు తిరిగొచ్చాడు. ఆట అయ్యేసరికి నా ఏడుగురూ నా ముందు వరుసగా నిలబడి ఉన్నారు. ఎనిమిది పాయింట్లతో ఓడిపోయాను.

"ఆంటీ, మీరు పొలంలో పెడతారని భయపడ్డాను" అంది ఆ అమ్మాయి, మంచిగానే.

తిరుగు ఆటోలో సార్ కిటికీ వైపు కూర్చున్నారు. గోదావరిఖని దగ్గరపడ్డాక ఒక్క మాటన్నారు. "అందర్ని పైకి తెచ్చినవ్ కొమురమ్మా." అది మెచ్చుకోలో, నిష్ఠూరమో నాకు తెలియలేదు. ఆయన ముఖం చూసి ఉంటే తెలిసేదేమో. చూడలేకపోయాను.

నెల తిరగకుండా గదికి తాళం పడింది. సార్ కొన్నాళ్లు క్లబ్బు వరండాలో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారని కనకయ్య చెప్పాడు. "నీకోసమే చూస్తుండు వదినే, ఒక్కసారి పోరాదు" అన్నాడు. నేను పోలేదు. బస్సుకు వెనక సందులోంచి తిరిగిపోయేదాన్ని. గది పోగొట్టినదాన్ని, ఏ ముఖంతో పోతాను అనుకున్నాను. దవాఖానలో ఉన్నారని తెలిసి పరుగెత్తేసరికి మంచం మీద దుప్పటి మడిచి ఉంది. ఆయనకు ఎన్నోసార్లు ల్యాంపు ఇచ్చినదాన్ని. ఆయన ఎప్పుడు పోయారో నాకు తెలియలేదు.

పదోరోజు క్లబ్బులో సంతాప సభ పెట్టారు. ఆయన ఇంటిపక్కవాళ్లు సంచి తెచ్చి నా చేతిలో పెట్టారు, నాకిమ్మని చెప్పారట. తలా రెండు మాటలు రాయమని ఒక నోటుబుక్కు తిప్పారు. నా దాకా వచ్చింది. పెన్ను పట్టుకుని, పట్టుకుని, పక్కవాళ్లకు ఇచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే, డ్యూటీకి పోయేముందు, వంటింటి గచ్చు మీద ఆ చివరి ఆటను పలక పలకగా పేర్చాను. ఒక్కటీ మరిచిపోలేదు. ఆ మనిషిని రోడ్డు మీద కాక పొలంలో పడుకోబెట్టాను. లెక్కపెట్టాను. ఐదు పాయింట్లతో గెలిచాను. కాసేపు వాడిని అట్లాగే ఉంచి చూశాను. బస్సు హారను వినపడింది. వాడిని ఎత్తి, మిగతా ఆరుగురితో కలిపి సంచిలో వేసి, తాడు కట్టి, ల్యాంపులు ఇవ్వడానికి పోయాను.