గోడవైపు తిరిగిన ఓస్వాల్దో

మా బ్యూనస్ ఐరిస్‌లో మంగలి లేని వీధి ఉంటుందేమో గానీ మనసు డాక్టరు లేని వీధి ఉండదు. అందుకే మా పక్కింటి ఓస్వాల్దోకు వైద్యం కరువు కాలేదు. ఎక్కువై చచ్చేంత పనైంది.

పెళ్లికి ముందు నుంచీ అతను గిన్నెల ఫ్యాక్టరీలోనే పనిచేశాడు. బ్యాంకులు జనం డబ్బు బిగపట్టిన ఆ డిసెంబరులో ఫ్యాక్టరీ కూడా మూతబడింది. మర్నాటి నుంచి మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి లేదు, మాట లేదు. "ఈయన ఇలాగే పోతాడే," అని భార్య నెలీదా నా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

ముందు ఆమె తమ్ముడు ఎక్తోర్ వచ్చాడు. కాలేజీలో తత్వశాస్త్రం చెబుతాడు. "బావా, మన చేతుల్లో లేనిదానికి బాధపడటం బుద్ధితక్కువ," అని మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా వాయించాడు. ఓస్వాల్దో ముసుగు తన్నాడు.

తర్వాత మూడో అంతస్తులో ఉండే మనసు డాక్టరమ్మ మిర్తా వచ్చింది. ఆమె పద్ధతి వేరు, రోగి మాట్లాడేదాకా నోరు మెదపదు. మా వాడూ మెదపలేదు. గంటసేపు ఇద్దరూ దివ్యంగా మౌనం పాటించారు. బయటికొచ్చి, "అతనికి ఆ గోడే వాళ్లమ్మ," అంది.

"మా అత్తగారు పోయి చాలా ఏళ్లయిందండీ," అంది నెలీదా.

"అందుకే," అంది డాక్టరమ్మ.

నాకు ఒళ్లు మండింది. పని పోయినవాడికి గోడ గోడే, ఇంకేముంటుంది?

ఆ సాయంత్రం ఊరంతా గిన్నెలు మోగించడం మొదలైంది. సర్కారు మీద కోపమొస్తే మావాళ్లు చేసే పని అదే. నెలీదా పెద్ద గిన్నె, ఇనప గరిటె పుచ్చుకుని బాల్కనీలోకి దూకింది. పక్కన నేను మూతలు పట్టుకున్నాను. సర్కారు మీదా, తమ్ముడి మీదా, డాక్టరమ్మ మీదా ఉన్న కసంతా ఆమె ఆ గిన్నె మీదే తీర్చుకుంది.

"సొట్ట పడుతుంది. ఆపవే."

వెనక్కి తిరిగితే మాసిన గడ్డంతో, పైజామాతో ఓస్వాల్దో. గిన్నె లాక్కుని అడుగు తడిమాడు.

"నేను చేసిన గిన్నె ఇది. అంచు మీద కొట్టాలి. అదీ చెక్క గరిటెతో."

"అయితే నువ్వే కొట్టవయ్యా," అంది నెలీదా.

కొట్టాడు. కొడుతూ కొడుతూ భోరుమన్నాడు. "ఇన్నేళ్లు చేశానే. ఒక్కడైనా వచ్చి, పోయిరావోయ్ అనలేదే," అన్నాడు.

కింద వీధిలో ఎక్తోర్ బాణలి బాదుతున్నాడు. డాక్టరమ్మ పాలగిన్నె బాదుతోంది. వాళ్ల డబ్బూ బ్యాంకులోనే ఇరుక్కుంది మరి. ఓస్వాల్దో ముక్కు తుడుచుకుని కాసేపు కిందికి చూశాడు.

"పాపం, ఆవిడ చెయ్యి విరగ్గొట్టుకునేలా ఉంది. నా బూట్లెక్కడే?"

నెలీదా లోపలికి పరుగెత్తింది. బూట్లు మంచం కిందే ఉన్నాయి, అయినా చాలాసేపటికి గానీ తేలేదు. తెచ్చినప్పుడు ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి.