మరకలమ్మ ఇంట్లోకి పసుపు

మా మేడ కింద ఒక లాండ్రీ ఉంది. పైన నేను, కింద వాళ్ళు, మధ్యలో ఆవిరి. పొద్దున్నే నా గది నేల అరికాళ్ళకు వెచ్చగా తగిలిందంటే కింద ఇస్త్రీ బల్ల మొదలైందన్నమాట.

నడిపేది భార్యాభర్తలు. ఆమెను వీధి అంతా మరకలమ్మ అంటుంది. ఎవరు పెట్టారో తెలియదుగానీ ఆ పేరంటే ఆమెకు ఇష్టమే. "ఇంట్లో పెట్టిన పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని వెనక్కి చూస్తాను పిన్నిగారూ," అంటుంది నాతో. సిరా, తుప్పు, గడ్డి పసరు, పెదాల రంగు, ఏ మరకైనా సరే, బట్టను వెలుతురుకి ఎత్తి పట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, గోటితో మెల్లిగా గీకి చూస్తుంది. "ఇది నిన్నటిది కాదే! ఇన్నాళ్ళూ ఎందుకు దాచారు?" అని అడుగుతుంది. తెచ్చినవాళ్ళు దొరికిపోయిన పిల్లల్లా నవ్వుతారు.

భర్తది ఇస్త్రీ. వీధి పిల్లలకు ఆయన ఇస్త్రీ మావయ్య. భారీ మనిషి, మెత్తటి చేతులు. మడత పెట్టిన చొక్కాను, నిద్రపోయిన పసివాణ్ణి మంచం మీదికి దించినట్టు దించుతాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడే ఉంటాడు. కూర్చుని ఇస్త్రీ చేస్తే చేతికి బరువు రాదట. కుర్చీ వేసుకోమన్నవాళ్ళను చిన్నచూపు చూస్తాడు.

ఆ ఇంట్లో పసుపు ఉండదు. కొట్టుకూ వంటింటికీ మధ్య ఉన్నది ఒక పరదా మాత్రమే. కొట్టు తెరిచిన కొత్తలో మరకలమ్మ చేతి మీది పసుపు ఒక తెల్లటి దుప్పటికి అంటిందట. కంగారులో సబ్బు రుద్దింది. పసుపుకి సబ్బు తగిలితే ఏమవుతుందో అప్పటికి ఆమెకు తెలియదు. పచ్చటి మరక కాస్తా నెత్తుటి మరకలా ఎర్రబడింది. దుప్పటి తాలూకు మనిషి దాన్ని చూసి ఇంట్లో ఎవరికేమైందని అడిగాడట. ఆ పూటే పసుపు డబ్బా గడప దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. అప్పటి నుంచి వాళ్ళింట్లో ఏ కూర వండినా పాలిపోయి ఉండేది. ఇస్త్రీ మావయ్య ఏనాడూ కాదనలేదు. కానీ చుట్టాల ఇళ్ళకు వెళ్తే మాత్రం పచ్చగా కనిపించినదల్లా రెండుసార్లు వడ్డించుకునేవాడు.

అలాంటి మనిషికి చక్కెర జబ్బు వచ్చింది. ముందు పాదాలు తిమ్మిరెక్కాయి, ఆయన పట్టించుకోలేదు. ఒకరోజు చెప్పులో చిన్న గుండీ పడినా తెలియకుండా సాయంత్రం దాకా దాని మీదే నిలబడ్డాడు. అది చూసి మరకలమ్మ కొట్టు మూసి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ ముక్కుసూటిగా మాట్లాడే మనిషి. మందులు ఇచ్చింది. తిండి మారాలంది. ప్రతి భోజనానికీ ముందు ఒక పళ్ళెం నిండా పచ్చి ఆకులూ కూరగాయలూ తినాలంది. "వచ్చే పరీక్షకి చక్కెర దిగకపోతే నిలబడే పని మానెయ్యాలి. నేను మాట వరసకి చెప్పడంలేదు," అంది.

ఆ సాయంత్రం మరకలమ్మ మెట్ల మీద నా పక్కన కూర్చుంది. "ఆ మనిషిని ఆ బల్ల దగ్గర్నుంచి తీసేస్తే ఇంకేం మిగులుతుంది పిన్నిగారూ? బల్ల పోతే కొట్టు పోతుంది, సరే. మనిషి కూడా పోతాడు. ఇంట్లో కూర్చోబెడితే గోడలకి ఇస్త్రీ చేస్తాడు," అంది. నవ్వుతూనే అంది కానీ, లేని మరకేదో ఉన్నట్టు కొంగును గోటితో గీకుతూనే ఉంది.

మర్నాటి నుంచి పళ్ళెం మొదలైంది. కీరా, క్యారెట్, క్యాబేజీ, ఏవో ఆకులు. ఇస్త్రీ మావయ్య దాని చుట్టూ తిరిగి చూశాడు.

"నేనేమన్నా మేకనా?"

"మేకైతే ఈపాటికి తినేసి నాకేసి చూసేది. తిను."

"నోట్లో పెడితే గడ్డి, నమిలితే చప్పుడు. లోపలికి వెళ్ళనంటోందే!"

పరదా వెనక నుంచి ఈ మాటలు నాకు రోజూ వినబడేవి. తర్వాత ఏమైందోగానీ గొడవ ఆగిపోయింది, పళ్ళెం ఖాళీగా తిరిగొచ్చేది. మరకలమ్మ సంబరపడింది. వారం తిరక్కుండానే పక్కింటి పిల్లలు పెంచుకునే కుందేలు బాగా ఒళ్ళు చేసింది. మరకలమ్మ దాన్ని చెవులు పట్టుకుని ఎత్తి చూసి, దాన్ని ఏమీ అనలేక, లోపలికి వెళ్ళి అనాల్సినవాణ్ణి అన్నది.

ఇస్త్రీ మావయ్య చెల్లెలు ఊరికి అవతల ఒక ఆస్పత్రి వంటశాలలో పని చేస్తుంది. రోగులకు పథ్యం వండడం ఆమె పని. మరకలమ్మ ఆవిడకు ఫోన్ చేసి కష్టం చెప్పుకుంది. "ఉత్త ఆకులు ఎవరు తింటారు వదినా? మంచి డ్రెస్సింగ్ ఉండాలి. కొట్లో కొనకు, అందులో చక్కెరే ఎక్కువ. ఇంట్లోనే చేసుకోవచ్చు. ఎలాగో కాసేపాగి ఫోన్ చేసి చెప్తా," అందావిడ.

ఆవిడ తిరిగి ఫోన్ చేసేసరికి మరకలమ్మ మోచేతుల దాకా నురగలో ఉంది. నేను నా చీరల మూట అందుకోవడానికి కొట్టులోనే ఉన్నాను. ఇస్త్రీ మావయ్య ఫోన్ ఎత్తి, స్పీకర్ పెట్టి, బల్ల మీద ఉంచాడు. ఆ పొద్దున్నే ఇస్త్రీ పెట్టె అంచు తగిలి ఆయన ముంజేతి మీద వేలెడంత కాలింది. గుడ్డ కట్టి ఉంది.

"అన్నయ్యా, డ్రెస్సింగ్ సంగతి చెప్పాలి, వింటున్నావా?"

ఆయన ముంజేతి వంక చూసుకున్నాడు. "నీకు అప్పుడే ఎవరు చెప్పారే? చిన్నదే, అదే తగ్గిపోతుంది."

"అదే తగ్గదు అన్నయ్యా! రోజూ పడాలి. విను. ముందు నిమ్మరసం రెండు చెంచాలు."

"నిమ్మరసమా!"

"ఆఁ. అందులో కాస్త ఉప్పు."

ఇస్త్రీ మావయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఉప్పు కూడానా?"

"మిరియాల పొడి మాత్రం అస్సలు మరిచిపోకు. దంచి వెంటనే చల్లాలి. అల్లం కూడా నూరి..."

"ఏమే!" ఆయన గొంతు వీధిలోకి వినబడింది. "చిన్నప్పుడు నీ జడ లాగాను, నిజమే. దానికి ఇంత పగ పడతావా? కాలిన చోట నిమ్మరసం పిండి మిరియాలు చల్లుకోమంటావా?"

అవతల వంటశాలలో గిన్నెలు పడ్డంత నవ్వు. ఇటు మరకలమ్మ నురగ చేతులతోనే గోడకు ఆనుకుపోయింది. డ్రెస్సింగ్ అంటే గాయానికి కట్టేదే కాదు, ఆకుల మీద పోసుకునేదానికీ అదే పేరని ఆయనకు ఎక్కించేసరికి ఒక చొక్కా చల్లారిపోయింది.

"ఆకులకి డ్రెస్సేమిటి, నా మొహం! ఇస్త్రీ కూడా చేసి తొడగాలా?"

"నువ్వు తింటానంటే అది కూడా వదిన చేస్తుంది," అంది చెల్లెలు, ఊపిరి తీసుకుని. "నూనె మూడు చెంచాలు, తేనె వాసనకి ఒక చుక్క, అంతకు మించి వద్దు. ఇంకా పసుపు పావు చెంచా. నూనె, మిరియాలు తోడుంటే పసుపు ఒంటికి బాగా పడుతుందంటారు. అయితే ఒకటి, జబ్బు తగ్గించేది పసుపు కాదు. నీ మందులూ, ఆ ఆకులూను. ఇదంతా ఆకుల్ని లోపలికి పంపించడానికి."

పసుపు అన్న మాట దగ్గర భార్యాభర్తలిద్దరూ ఆగిపోయారు. ఇస్త్రీ మావయ్య ముఖంలో మాత్రం ఒక వెలుగు వచ్చింది. వెంటనే దాన్ని మడత పెట్టి లోపల దాచుకున్నాడు.

"పసుపుతో చేస్తే తింటా," అన్నాడు బల్ల వైపు తిరిగి. "లేకపోతే లేదు. మాటంటే మాటే."

అది గెలిచానన్న ధీమాతో అన్నది. ఈ ఇంట్లోకి పసుపు రాదు కాబట్టి ఆ పళ్ళెమూ రాదు. మరకలమ్మకు కూడా అర్థమైంది. ఆ పూటంతా బట్టలు జాడించింది. తాడు మీద ఆరేసిన తెల్లబట్టల మధ్య చాలాసేపు నిలబడింది. సాయంత్రం కిరాణా కొట్టుకి వెళ్ళి, పసుపు పొట్లం నాలుగు కాగితాల్లో చుట్టించుకుని, బాణసంచా మోస్తున్నట్టు చెయ్యి చాచి పట్టుకొచ్చింది.

మొదటిసారి చేసింది పెరటి మెట్ల మీద, నా కళ్ళ ముందే. పావు చెంచా అని చెప్పారు, విన్నది. కానీ చెయ్యి వేరే పని నేర్చిన చెయ్యి. ఇన్నేళ్ళుగా బట్టలకు నీలిమందు కలిపిన చెయ్యి. నీలిమందుకు చెంచా లెక్క ఉండదు, నీళ్ళ రంగు చూసి వేస్తూ పోవడమే. మరకలమ్మ నిమ్మరసాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది, చిటికెడు వేసింది. మళ్ళీ చూసింది, మళ్ళీ వేసింది. "ఇంకా రంగు రాలేదు పిన్నిగారూ," అంటూ వేసింది. చివరికి సీసాలో పొద్దుతిరుగుడు పువ్వు లాంటి రంగు తేలింది. చాలా అందంగా ఉంది.

ఇస్త్రీ మావయ్య ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి కళ్ళలో నీళ్ళు.

"ఏమయ్యా, ఎలా ఉంది?"

"రంగు బాగా పట్టింది," అన్నాడు నాలుక బయటపెట్టి చూపిస్తూ. "ఉతికినా పోదు."

చేదు. పచ్చి పసుపు చేదు. ఆమె బెదరలేదు. మర్నాడు చెంచాతో కొలిచింది. నూనెను గోరువెచ్చగా చేసి, పసుపు అందులో కలిపి, పచ్చివాసన పోయేదాకా ఉంచి చల్లార్చింది. అల్లం ముక్కలు తగులుతున్నాయని, అన్నిటినీ కలిపాక గంజి వడగట్టినట్టు పలుచని గుడ్డలో పిండి వడగట్టింది. మిరియాలు అప్పటికప్పుడు దంచింది. సీసా మూత బిగించి, బట్ట జాడించే ఒడుపుతో ఊపింది. విడివిడిగా ఉన్న నూనే నిమ్మరసమూ కలిసిపోయి చిక్కబడ్డాయి. క్యాబేజీ సన్నగా తరిగి, కీరా పలుచగా కోసి, పైన పోసి, చేత్తో కాకుండా రెండు గరిటెలతో తిరగేసింది.

ఇస్త్రీ మావయ్య తిన్నాడు. పళ్ళెం అడుగున మిగిలిన పచ్చటి రసాన్ని క్యాబేజీ ముక్కతో తుడిచి అది కూడా తిన్నాడు. ఆ తర్వాత, "రేపు టమాటా కూడా వెయ్యి," అన్నాడు.

షరతులు మాత్రం చాలా ఉండేవి. పెరట్లోనే తినాలి. చొక్కా విప్పి తినాలి. తిన్నాక చేతులు కడిగి చూపించాలి. మరకలమ్మ ఆ చేతుల్ని తిప్పి తిప్పి, గోళ్ళ సందుల్లోకి చూసి, అప్పుడు పరదా ఎత్తేది. నలభయ్యేళ్ళ కాపురంలో తన చేయి ఇంతసేపు ఎప్పుడూ పట్టుకోలేదని ఆయన నాతో చెప్పాడు. గొప్పగానే చెప్పాడు.

ఇలా సాగుతుండగా ఒక మధ్యాహ్నం తినడం మధ్యలో ఎవరో పిలిచారని ఆయన లేచి కొట్టులోకి వచ్చాడు. బ్యాండు మాస్టారు. సాయంత్రం ఏదో సభలో వాయించాలి, తెల్లకోటు సిద్ధమైందా అని అడిగాడు. సిద్ధంగానే ఉంది. ఇస్త్రీ మావయ్య తీసి చూపించాడు, మాస్టారు వెళ్ళాక మళ్ళీ తగిలించాడు. తగిలించాక చూశాడు, కాలరు మీద బొటనవేలి ముద్ర. పచ్చగా, గీతలతో సహా.

అరుపేదీ వినబడకపోయినా కింద ఒక్కసారిగా చప్పుళ్ళన్నీ ఆగిపోవడంతో నేను దిగాను. ఆయన తల దించుకుని నిలబడి ఉన్నాడు. అంత పెద్ద మనిషి తగ్గిపోయి కనిపించాడు. కోటు మరకలమ్మ చేతిలో ఉంది.

"నువ్వే రైటు," అన్నాడు ఆయన. "పసుపు మనకి పడదు. ఆ సీసా పారబోసెయ్యి. నేను ఇంక తినను."

మరకలమ్మ కోటును వెలుతురుకి ఎత్తింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. "నిమ్మకాయ వాసన," అంది. ఆయన వైపు తిరిగింది. ఆమె కళ్ళు ముద్ర మీద లేవు, ఆయన పాదాల మీద ఉన్నాయి.

"పళ్ళెంలో ఇంకా ఉందా?"

"ఉంది, సగం."

"వెళ్ళి తిను."

"కోటో?"

"మరక నా పని. తినడం నీ పని. ఎవరి పని వాళ్ళు చూసుకుందాం. వెళ్ళు."

ఆయన కదల్లేదు. "వెళ్ళమంటున్నానా! ఆకులు వాడిపోతాయి," అని గదమాయిస్తే అప్పుడు కదిలాడు.

ఆమె సబ్బు జోలికి పోలేదు. చన్నీళ్ళతో కాలరు తడిపి, గుడ్డతో అద్ది, కోటు మోసుకుని మేడ ఎక్కింది. నా కిటికీ ముందు ఎండ బాగా పడుతుంది. తాడు మీద కాలరు ఎండకు ఎదురుగా ఉండేలా పిన్నులు పెట్టింది. "పసుపుకి ఎండంటే భయం పిన్నిగారూ. మీరు చదువుకుంటూ ఉండండి, నీడ వస్తే కాస్త ఇటు తిప్పండి," అని చెప్పి వెళ్ళింది. నేను పుస్తకం తెరిచానుగానీ ఒక్క పేజీ చదివిందిలేదు. ముద్ర పసుపుపచ్చ నుంచి ఎండుగడ్డి రంగుకి, ఎండుగడ్డి రంగు నుంచి మీగడ రంగుకి దిగడం చూస్తూ కూర్చున్నాను. ఆరినప్పుడల్లా ఆమె వచ్చి తడిపి పోయింది. ఎండ వాలేసరికి, ఎక్కడుండేదో తెలిసినవాళ్ళకు తప్ప కనబడకుండా పోయింది.

బ్యాండు మాస్టారు వచ్చినప్పుడు మరకలమ్మ దాచలేదు. జరిగింది చెప్పి, కాలరు చూపించింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని వెతికాడు. "ఎక్కడమ్మా?" అన్నాడు. ఆమె వేలు పెట్టి చూపించింది. "మీరు చూపిస్తే ఉన్నట్టుంది, చూపించకపోతే లేదు," అని వేసుకుని వెళ్ళిపోయాడు.

పరీక్ష రోజున ఇద్దరూ ఇస్త్రీ బట్టలు కట్టుకుని వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు వీధి మలుపు దగ్గరే తెలిసిపోయింది, మరకలమ్మ ముందు, ఆయన వెనకాల, గొడవ పడుతూ వస్తున్నారు. చక్కెర దిగింది. ఇంకా దిగాలట. నిలబడచ్చట. కాకపోతే మధ్యమధ్యలో కూర్చోవాలట.

"స్టూలు వేస్తా," అంటోంది ఆమె.

"స్టూలు నా బల్ల దగ్గరా? జనం ఏమనుకుంటారు?"

"ముసలాడు కూర్చున్నాడనుకుంటారు. ఇందులో అబద్ధం ఏముంది?"

మధ్యాహ్నం నేను కిందికి దిగేసరికి బల్ల పక్కన స్టూలు ఉంది. దాని మీద ఆయన ఉన్నాడు, అలవాటులేని కుర్రాడిలా వీపు నిటారుగా పెట్టుకుని. పరదా తీసే ఉంది. వంటింటికి అవతల పెరటి మెట్టు మీద మరకలమ్మ రెండు పళ్ళేల్లో క్యాబేజీ సర్దుతోంది. ఇన్నాళ్ళూ ఒకటే ఉండేది.

"కూర్చున్నావా?" అని కేకేసింది తలెత్తకుండానే.

"కూర్చున్నా."

"అయితే లేచి రా. చొక్కా విప్పి రా."