ముక్కు పోయినా దుకాణం నిలబడింది

ఏదో పెద్ద తేడాయే ఉందని నాకు మొదట తెలిసింది ఒక తలుపు పని మొదలుపెట్టిన రోజున. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ముప్పై ఏళ్లు వడ్రంగి దుకాణం నడిపాను. హాస్టళ్లకు మంచాలు, స్టడీ టేబుళ్లు చేస్తే ఇల్లు గడిచేది. టేకు తలుపులు చేస్తే పేరొచ్చేది. పేరంటే నాకు పిచ్చి. ఆ రోజు బేగంపేట రావుగారి సింహద్వారానికి కర్ర వచ్చింది. ఎప్పటిలాగే ఒక చెక్క మీద చిత్రిక పట్టే రందా తోసి, లేచిన సన్నటి పొరను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏమీ రాలేదు. మళ్లీ పీల్చాను. కాగితం పీల్చినట్టుంది.

నా ముక్కు గురించి కొంచెం గొప్పలు చెప్పుకోనివ్వండి. కళ్లు మూసుకుని ఇది టేకు, ఇది వేప, ఇది మామిడి అని చెప్పేవాణ్ని. చూసేవాళ్లు నోరెళ్లబెట్టేవారు. ఆ ముక్కు పాడవుతుందనే ఒక్కరోజు కూడా మాస్క్ పెట్టుకోలేదు. మాస్క్ కట్టుకుంటే వాసన పట్టే గుణం మొద్దుబారుతుందని నా సొంత సిద్ధాంతం. కరోనా రోజుల్లో కూడా గడ్డం కింద వేలాడదీసుకుని తిరిగాను. దుకాణంలో పనివాళ్లు పెట్టుకున్నా ఎగతాళి చేసేవాణ్ని.

కర్ర తెచ్చినవాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. వాసన రావడం లేదని ఒప్పుకుంటే పరువు పోదూ? “టేకే, దించు” అన్నాను. నిజానికి అప్పటికి రెండు నెలలుగా కుడివైపు ముక్కు మూసుకుపోతోంది. పొద్దున చీదితే రుమాలు మీద ఎర్రటి చార కనిపించేది. మెడికల్ షాపులో డ్రాప్స్ కొని వేసుకుంటూ నెట్టుకొచ్చాను. ఇంట్లో చెప్పలేదు.

మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. దసరాకు ఆయుధపూజ చేసిన రోజు ఏ పనిముట్టూ కదలదు. రంపాలు, ఉలులు, మిషన్లు అన్నిటినీ తుడిచి, బొట్లు పెట్టి విశ్రాంతినిస్తాం. మా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఎక్కడున్నా ఆ రోజు వచ్చి, తమ పనిముట్టు ఒకటి ఆ వరుసలో పెట్టి దండం పెట్టుకోవాలి.

అలా వచ్చేవాళ్లలో స్వరూప ఒకతి. మా పాలిష్ మేస్త్రీ కూతురు. పద్దెనిమిదేళ్లప్పుడు పనిలో చేరి తొమ్మిదేళ్లు నా దగ్గరే ఉంది. ఆమె పెట్టిన జాయింటులో సూది దూరదు. దుమ్ము లాగే మిషన్ పెడదామని ఒకసారి అడిగింది. “దుమ్ముకు భయమైతే బట్టల షాపుల చేరు” అన్నాను, అందరి ముందూ. మర్నాటి నుంచి రాలేదు. ఒక కిచెన్ క్యాబినెట్ల ఫ్యాక్టరీలో చేరి సూపర్‌వైజర్ అయింది. ఆరేళ్లుగా దసరాకు మాత్రం ఉలి పట్టుకుని వచ్చేది, రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయేది.

ఆ దసరాకు మాత్రం గోడకు ఆనించి ఉన్న రావుగారి తలుపు ముందు ఆగింది. చేత్తో నిమిరింది. మూలనున్న రందా పొట్టు గోనెసంచిలో చెయ్యి పెట్టి ఒక పొర తీసి వాసన చూసింది.

“ఉస్తాద్, గిది టేకు కాదు.”

“ఏం మాట్లాడుతున్నవే?”

“ఏదో కర్రకు లోపలిదాంక టేకు రంగు పట్టిచ్చిండ్రు. నీ ముక్కుకు గింత సుత తెల్వలేదా?”

అందరూ నావైపే చూస్తున్నారు. అబద్ధం ఆడదామనుకుని మానేశాను. “ముక్కు మూసుకపోవట్టి మూడు నెలలాయె బిడ్డా, వాసనలు వస్తలేవు. రక్తం సుత పడుతుంది” అన్నాను. నా భార్య పుష్ప కుంకుమ గిన్నెతో పక్కనే ఉంది. “నాకెందుకు చెప్పలేదు?” అని గిన్నె కింద పెట్టేసింది. పండగ పూట ఇద్దరు ఆడవాళ్ల చేత నేను తిన్న చీవాట్లు ఇక్కడ రాయను.

మర్నాడే పంజాగుట్టలో ఒక ఈఎన్‌టీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. ఎండోస్కోపీ గొట్టం ముక్కులోకి పోనిచ్చి చూసి ఆమె అడిగారు: “రెండు వైపులా మూసుకుపోతే జలుబనుకోవచ్చు. ఒకవైపే, పైగా రక్తం. ఇన్నాళ్లు ఎందుకు ఆగారు?” సీటీ స్కాన్, ఎంఆర్ఐ, తర్వాత బయాప్సీ. రిపోర్టులో అడినోకార్సినోమా అని వచ్చింది.

“ఏం పని చేస్తారు మీరు?”

“వడ్రంగం మేడం.”

“మాస్క్ పెట్టుకుంటారా?”

తల అడ్డంగా ఊపాను. ఆమె పెన్ను పక్కన పెట్టి, “ఏళ్ల తరబడి చెక్క దుమ్ము పీల్చేవాళ్లకు ఈ రకం క్యాన్సర్ రిస్క్ ఎక్కువ. మీది ఇంకా స్ప్రెడ్ కాలేదు. సర్జరీ చేద్దాం, తర్వాత రేడియేషన్. కాకపోతే వాసన తిరిగి రాకపోవచ్చు” అన్నారు. క్యాన్సర్ అన్నప్పుడు ఏడవని నేను ఈ చివరి మాటకు ఏడ్చాను. చూడండి నా తెలివి!

రావుగారికి ఫోన్ చేసి తలుపు సంగతి ఒప్పుకున్నాను. “తలుపుదేముందండీ, ముందు మీరు కోలుకోండి. మళ్లీ మీ దుకాణంలోనే చేయించుకుంటాను” అన్నారాయన. ఆ మాట పట్టుకునే ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లాను.

సర్జరీ ముక్కులోంచే చేశారు. తర్వాత రేడియేషన్, ముప్పై సిట్టింగులు. అక్కడ నా ముఖానికి అచ్చంగా సరిపోయే మాస్క్ ఒకటి తయారుచేసి, దాన్ని బల్లకు బిగించి నన్ను కదలకుండా పడుకోబెట్టేవారు. జీవితంలో నేను సరిగ్గా పెట్టుకున్న మొదటి మాస్క్ అదే. నోరు ఎండిపోయింది, అన్నం మట్టిలా అనిపించేది, ముక్కులో పక్కులు కట్టేవి. పుష్ప గంజి పట్టుకుని వెంటపడేది.

ఇరవై రెండో సిట్టింగ్ అయ్యాక ఉండబట్టలేక దుకాణానికి పోయాను. ఒక్క గంటే అనుకున్నాను. లోపల ప్లైవుడ్ కోస్తున్నారు. అలవాటుగా గట్టిగా ఊపిరి పీల్చాను. అరగంటలో ముక్కు నుంచి రక్తం మొదలై ఆగలేదు. మళ్లీ ఆసుపత్రి, ముక్కులో గాజుగుడ్డ కుక్కి ప్యాకింగ్, రెండు రోజులు వార్డు. డాక్టరమ్మకు నిజంగానే కోపం వచ్చింది. “దుకాణం కావాలా, మీరు కావాలా? ఇవాళే తేల్చుకోండి.”

షట్టర్ దించేయమని పనివాళ్లకు కబురు పంపాను. ఆ జాగాలో మెస్ పెట్టుకుంటామని ఒకరు అప్పటికే అడిగి ఉన్నారు. నా రందాలు ఇనుపసామాన్ల వాడికి పోతాయన్న ఆలోచనే తట్టుకోలేకపోయాను. ఆ సాయంత్రం స్వరూప వార్డుకు వచ్చింది. కూర్చోకుండానే అడిగేసింది.

“ఉస్తాద్, దుకాణం నాకియ్యి.”

మంచం మీద లేచి కూర్చున్నాను. “ఫ్యాక్టరీ?”

“పొద్దంత ప్లైవుడ్‌కు షీట్ అతికిచ్చుడే. తలుపు చేసి ఆరేండ్లాయె. కానీ జర ఇను. దుమ్ము మిషన్ పెడ్త. అందరు మాస్క్ పెట్టుకోవాలె. మిషన్లు నడుస్తుంటే నువ్వు గుమ్మం దాటొద్దు. దాటినవంటే ఆ రోజే నేను పోత.”

“నా దుకాణంల నేను అడుగు పెట్టొద్దా?”

“నీది కాదు గదా ఇగ.”

పుష్ప ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ ప్యాకింగ్‌తో నవ్వితే ప్రాణం పోయినంత పని. “బట్టల షాపు మాట యాదుందా? తప్పు నాదే బిడ్డా” అన్నాను. “యాదుంది. గందుకే దుమ్ము మిషన్ ముందుగాల అడిగిన” అంది. ఎంత తేలికపడ్డానో చెప్పలేను. ఆ పూట గంజి రెండు గ్లాసులు తాగాను.

మిగిలిన ఎనిమిది సిట్టింగులు పెళ్లి పనుల్లో ఉన్నవాడిలా హడావిడిగా గడిపేశాను. ఎక్కడ ఏ కొలత పట్టీ ఉందో, ఏ కస్టమర్‌కు ఏ గొళ్లెం ఇష్టమో అన్నీ నోట్‌బుక్కులో రాసిచ్చాను. ఆడమనిషి కింద పనిచేయడమా అని పాత పనివాళ్లిద్దరు గొణిగారు. స్వరూప రావుగారి తలుపు మళ్లీ మొదటి నుంచి తన చేత్తో చేసింది. అది చూశాక గొణుగుడు ఆగిపోయింది. నేను సందుకు అవతల చాయ్ బండి దగ్గర కుర్చీ వేసుకుని అక్కడి నుంచే సలహాలు అరిచేవాణ్ని. ఫోన్ వచ్చేది: “ఉస్తాద్, గట్ల అరవకు. హాస్టల్ పోరగాళ్లు చదువుకుంటలేరు.”

దసరా మళ్లీ వచ్చింది. పనిముట్లు కదలని రోజు, అంటే దుమ్ము లేవని రోజు! ఆదివారాలూ పని నడిచే మా దుకాణంలో ఏడాదిలో నేను లోపల అడుగు పెట్టగల రోజు అదొక్కటే. ముందురోజే స్వరూప తడిబట్టతో మూలమూలా తుడిపించింది. కొత్త చొక్కా వేసుకుని వెళ్లాను. పనిముట్ల వరుసలో ఆమె ఉలి పక్కన నా రందా పెట్టి, పూజయ్యాక దాన్ని తీసి ఆమె చేతికిచ్చాను. తాళంచెవి ఎప్పుడో ఇచ్చాను, రందా మాత్రం ఆ రోజు దాకా నా దగ్గరే దాచుకున్నాను. స్వరూప దాన్ని కళ్లకద్దుకుని, సంచిలోంచి ఒక పొర తీసి నా ముక్కు దగ్గర పెట్టింది.

“వచ్చిందా?”

“రాలే బిడ్డా.”

తను వాసన చూసింది. “టేకు.”

“పక్కా?”

“పక్కా. ఫికర్ చెయ్యకు ఉస్తాద్, నువ్వు నేర్పిన ముక్కే గదా.”

నాకు ఏడుపు రాలేదు. గంతులేయాలనిపించింది.

ఇప్పుడు మూడు నెలలకోసారి చెకప్‌కు వెళ్తున్నాను. మొన్నటి స్కాన్ క్లియర్ అన్నారు. రోజూ రెండుసార్లు డాక్టరమ్మ చెప్పిన ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కుంటాను. గ్యాస్ లీకైనా నాకు తెలియదు కాబట్టి స్టవ్ నాబ్‌లు పుష్పే చూసుకుంటుంది. దుకాణం ముందు గదికి దుమ్ము రాకుండా స్వరూప అద్దం తలుపు బిగించింది. అందులో కూర్చుని కస్టమర్లతో మాట్లాడతాను, డిజైన్లు గీస్తాను, అద్దంలోంచి పని చూస్తూ మురిసిపోతాను.

నాలాగా దుమ్ములో పనిచేసేవాళ్లకు చెప్పేది ఒకటే. ముక్కు ఒకవైపే మూసుకుపోతున్నా, రక్తం చార కనిపించినా డ్రాప్స్‌తో నెట్టుకురాకండి, ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. మాస్క్ పెట్టుకుని పనిచేయండి. కర్ర వాసన చూడాలంటే స్వరూప ఏం చేస్తుందో తెలుసా? మిషన్లు ఆపించి, దుమ్ము లేని వాకిట్లోకి వచ్చి, మాస్క్ ఒక్క నిమిషం దించి చూసి మళ్లీ పెట్టుకుంటుంది. అంత చిన్న ఉపాయం ముప్పై ఏళ్లలో నాకు తట్టలేదు.